బాతుకు పెట్టొచ్చు

పెనుకొండ కోటలో రాయలవారు విడిది చేసిన రోజుల్లో, వారి వెండిపళ్ళెంలోని మొదటి ముద్దను నమ్మకస్తుడైన నౌకరు ఒకడు తిని చూసేవాడని పెద్దలు చెప్పుకుంటారు. నౌకరు బతికితే రాజుగారు భోంచేసేవారు. నౌకరు బతక్కపోతే వంటవాడికి ఆ పూట భోజనం అక్కరలేకపోయేది. ఈ మహత్తరమైన సంప్రదాయం రాజ్యంతోపాటే అంతరించిపోయిందని లోకం అనుకుంటోంది. లోకం పొరబడింది. అక్కడికి కొన్ని క్రోసుల దూరంలో, ధర్మవరంలో, మగ్గాల వీధి చిట్టచివరి ఇంట్లో, యాభైలనాటికి అది మళ్ళీ ప్రాణం పోసుకుంది. తేడా ఒక్కటే. ఇక్కడ రాజుగారి స్థానంలో బాతులుండేవి. నౌకరు స్థానంలో హనుమంతరాయుడు ఉండేవాడు.

హనుమంతరాయుడు అడ్డమైనవాడు కాదు. చెనక్కాయ చేన్లు, బావి కింద రాగి మడి, రెండు జతల ఎద్దులు, రెండు చేతులా మెలివేయదగ్గ మీసం ఉన్న రైతు. పంచాయితీలో ఆయన గొంతు సవరించుకుంటే పదిమందీ నోరు మూసుకునేవారు. అంతటి మనిషి, తన నోట్లో వేసుకుని నమలకుండా బాతు నోటికి ఒక్క గింజ అందనిచ్చేవాడు కాదు. తవుడైనా అంతే, నూకలైనా అంతే, వేరుశనగ చెక్కయినా అంతే. ముందు రాయుడు, తర్వాత బాతు.

మగ్గం నేసే పుల్లయ్యకు పెళ్ళామై సోమందేపల్లి నుంచి ఆదెమ్మ ఆ వీధికి కాపురానికి వచ్చిన మర్నాడు, నీళ్ళబిందె చంకన పెట్టుకుని పెరట్లో నిలబడి, మొండిగోడ మీదుగా పక్కింటి దొడ్లోకి యథాలాపంగా చూసింది. మీసాల పెద్దమనిషి ఒకాయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ బాతులు మెడలు సాచి, పంక్తిలో వడ్డన ఆలస్యమైన పెళ్ళివారిలా ఆయన్ను చూస్తున్నాయి. ఆయన తొట్టిలోంచి పిడికెడు తవుడు తీసి, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా నములుతున్నాడు.

ఆదెమ్మ చంకలోని బిందె జారి బండ మీద పడింది. ఆ బిందెకు పడిన సొట్ట ఈ చరిత్రకు మొట్టమొదటి ఆధారం.

"అత్తా! అత్తా! పక్కింటాయప్ప బాతుల కూడు తింటాండాడు!"

అత్త మునియమ్మ నోట్లో పళ్ళు లేకపోయినా మాటలకు లోటు లేదు. "తిననీలేమ్మే. వాటిగ్గూడా మిగిలిస్తాడులే," అని దారం చుట్టుకుంటూ కూర్చుంది.

ఆదెమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ వేలు ఆ ముక్కు మీది నుంచి పూర్తిగా దిగడానికి పదేళ్ళు దాటింది.

రాయుడికి ఈ అలవాటు ఎలా అబ్బిందో ఆయన భార్య జయలక్ష్మమ్మే గోడ దగ్గర ఆదెమ్మకు చెప్పింది. ఒకసారి రాయుడు ఎద్దును కొనడానికి హిందూపురం సంతకు పోయాడు. ఎద్దు నచ్చలేదు. గంపలో పసుపుముద్దల్లాంటి బాతుపిల్లలు నచ్చాయి. ఎద్దును కట్టడానికి తీసుకుపోయిన తాడుతో గంప కట్టుకుని వచ్చాడు. ఇంట్లో వేరుశనగ చెక్క ఉంది కదా, బలమైన మేత కదా అని నలగ్గొట్టి పెట్టాడు. చెక్క అడుగున బూజు పట్టి ఉందని ఎవరూ చూడలేదు. రెండు మూడు రోజుల్లో పిల్లలన్నీ మెడలు వాల్చేశాయి.

"ఆ పొద్దు ఈయప్ప అన్నం ముట్టలేదు ఆదెమ్మా. ఎద్దు పోయినా ఇట్ల కూచోలేదు. మర్నాడు ఆ చెక్క ముక్క నోట్లో ఏసుకుని చూసినాడు. ముక్కిపోయి, చేదు. 'నేను ముందే తినుంటే తెలిసిపోయేది కదే, నాకేమీ అయ్యేది కాదు, అవి బతికేటివి,' అన్నాడు. అంతే. ఆ పొద్దుట్నుంచి నా మొగునికి బాతుల కన్నా ముందు కడుపు నిండుతాంది."

ఈ శాస్త్రంలో రాయుడు అనతికాలంలోనే గొప్ప పండితుడయ్యాడు. గోడకవతల ఎవరు కనిపిస్తే వారే శిష్యులు. ఆదెమ్మ రోజూ కనిపించేది.

"చూడమ్మా, పిల్ల బాతు వేరు, పెద్ద బాతు వేరు. పిల్లదానికి నూకలు మెత్తగా ఉడకబెట్టల్ల. రాగిపిండి జారుగా కలపల్ల. గుడ్డు ఉడికిచ్చి చిదిమి పెడితే ఇంకా మేలు. పక్కన నీళ్ళు లేకుండా ముద్ద పెడితే గొంతుకడ్డం పడి చస్తాది. పెద్దదానికైతే తవుడు, నానబెట్టిన గింజ, ఆకుకూర. ఉప్పు మటుకు ఎవురికీ వద్దు. ఉప్పు బాతుకు ఇషం."

"చెరువులో నత్తల్ని గూడా తింటాయి కదన్నా?" ఆదెమ్మ గుండె చిక్కబట్టుకుని అడిగింది. "వాటిని గూడా నువ్వు..."

"ఛ ఛ! నత్త మోసం చేయదమ్మా. బతికుంటే మంచిది, చచ్చుంటే చెడ్డది, అంతే. మనిషి మూటగట్టి అమ్మిందాన్నే రుచి చూడల్ల."

ఆదెమ్మ వేలు ముక్కు మీద కొంచెం సడలింది. మనిషికి ఒక హద్దయితే ఉందని నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం హిందూపురంలో పటాపంచలైంది. అక్కడ రంగయ్య అంగడికి మేత కొనడానికి పోతూ రాయుడు, దారం కొనే పని మీద వస్తున్న పుల్లయ్యనూ ఆదెమ్మనూ వెంటబెట్టుకుపోయాడు. అంగట్లో వరసగా మూటలు. రాయుడు ఒక్కో మూటలో చెయ్యి పెట్టడం, నోట్లో వేసుకోవడం, కళ్ళు మూసుకోవడం, బయటికి పోయి ఉమ్మి రావడం. బేరానికి వచ్చినవాళ్ళు బేరాలు మరిచి నిలబడిపోయారు. మడకశిర నుంచి వచ్చిన ఒక ముసలాయన కన్నడంలో దేవుణ్ణి తలుచుకున్నాడు.

"ఏమప్పా, మేత బాతులకా, నీకా?" అన్నాడు రంగయ్య.

"నాకైతే ఇంత చూసుకుంటానా? నాకేదైనా సరిపోతాది," అన్నాడు రాయుడు, తవుడు రాలుతున్న మీసం తుడుచుకుంటూ.

ఐదో మూట దగ్గర ఆయన ముఖం మారింది. "ఇది బాతుకు పనికిరాదు. బూజు."

"బాతుకు పనికిరాకపోతే ఇంకోరు ఎద్దుకో ఎనుముకో తీసుకుంటార్లే, నీకెందుకు?"

రాయుడు వెళ్ళి ఆ మూట మీద కూర్చున్నాడు. రంగయ్య బతిమాలాడు, కసిరాడు, చివరికి కాఫీ తెప్పించాడు. రాయుడు మూట మీదనే కూర్చుని కాఫీ తాగాడు. ఇటు ధర్మవరం బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. సాయంత్రానికి రంగయ్య దండం పెట్టి, ఆ మూటను ఆయన ఎదుటనే గుంటలో పోయించాడు. అప్పుడుగాని రాయుడు లేవలేదు. దుమ్ములో రోడ్డు పక్కన తర్వాతి బస్సు కోసం కూర్చున్న ఆదెమ్మ, "ఈ మనిషితో ఇంగ ఊరి పొలిమేర దాటేది లేదు," అని మొగుడికి గట్టిగా చెప్పింది.

పొలిమేర దాటనక్కరలేదని పుల్లయ్య చెల్లెలి పెళ్ళిలో తెలిసింది. పెనుకొండ నుంచి మగపెళ్ళివారు కొన్ని వంటలు తామే చేసి తెచ్చుకుని దిగారు. పంక్తి సాగుతోంది. రాయుడు పూర్ణం నిండిన ఓళిగ తుంచి నోట్లో వేసుకున్నాడు. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. పంక్తి చివరిదాకా వినపడేట్టు తీర్పు చెప్పాడు.

"బ్రహ్మాండం! బాతుకు పెట్టొచ్చు!"

ఓళిగ చేసింది పెళ్ళికొడుకు మేనత్త. ఆమె చేతిలోని నేతిగిన్నె అక్కడే ఆగిపోయింది. పెళ్ళికొడుకు మేనమామ విస్తరి ముందు నుంచి లేచాడు. ఆయన లేచాడని ఇంకో నలుగురు లేచారు. "మేం బాతులకు వండుకొచ్చినామా?" అని ఒకాయన, "పిలిచి అవమానం చేస్తారా?" అని ఇంకొకాయన. పుల్లయ్య పరుగున పోయి, చేతులు పట్టుకుని, "సామీ, ఆయప్ప నోట్లో అంతకన్నా పెద్ద మాట లేదు. కలెక్టరు దొర ఇంటి పాయసానిగ్గూడా అంత మాట అనలేదు," అని సర్దిచెప్పాడు. మేనత్త ముఖం విచ్చుకుంది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోబోతున్నారు.

"పులిహోర మటుకు పెట్టగూడదు," అన్నాడు రాయుడు నిజాయితీగా. "ఉప్పెక్కువ."

పులిహోర చేసింది మేనమామ. ఆ పెళ్ళి ఎలా జరిగిందనేది వేరే చరిత్ర. జరిగింది, అంతవరకు చాలు.

అరవై ఐదులో వాన మొహం చాటేసింది. చేన్లలో చెనక్కాయ తీగ కాయ పట్టకుండానే ఎండింది. చెరువు ముందు బురదయింది, ఆ తర్వాత పగుళ్ళయింది. పట్టుచీర కట్టేవాళ్ళకు పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. నేయడానికి పట్టు రావడం ఆగింది. పగలంతా టకటకలాడే వీధిలో ఒక్కో మగ్గం చప్పుడూ ఆగిపోతూ వచ్చి, ఒకనాడు పుల్లయ్య మగ్గం కూడా ఆగింది. ఆ నిశ్శబ్దానికి మునియమ్మ నిద్రపట్టక లేచి కూర్చునేది.

రాయుడికి పాత రాగులు పాతరలో ఉన్నాయి. బావిలో అడుగునైనా నీళ్ళున్నాయి. జయలక్ష్మమ్మ ఒకరోజు సంగటిముద్దలు గిన్నెలో పెట్టి గోడ మీదుగా అందించింది. ఆదెమ్మ గిన్నె మూత కూడా తీయకుండా వెనక్కి ఇచ్చింది.

"మేమింకా ఆ కాడికి రాలేదొదినా."

వచ్చారు. ఆదెమ్మ పిల్లలిద్దరూ పొద్దున తాగిన గంజితోనే పొద్దు గూకేదాకా ఉంటున్నారు. కానీ ఆ వీధికి ఒక పద్ధతి ఉంది. నేసిన చేతికి కూలి తీసుకోవచ్చు. నేయని చెయ్యి చాపకూడదు. ఆకలి ఆకలే, పద్ధతి పద్ధతే. పుల్లయ్య గుంట మగ్గం అంచు మీద కూర్చుని, "మగ్గం ఊడదీసి అమ్మేసి బెంగళూరు పోదాం. ఆడ మిల్లులో మూటలు మోస్తా," అన్నాడు. మునియమ్మ మగ్గం కర్రను పట్టుకుని వదల్లేదు. "నన్ను గూడా అమ్మేసి పో," అంది.

ఆ మర్నాడు పొద్దున హనుమంతరాయుడు గోడ దగ్గర ప్రత్యక్షమయ్యాడు. దవడకు తువ్వాలు కట్టుకున్నాడు. రాజ్యం పోగొట్టుకున్న వాడి ముఖం.

"ఆదెమ్మా, నా నాలుక చచ్చిపోయిందమ్మా."

"అయ్యో! ఏమైందన్నా?"

"ఇన్నేండ్లు తవుడు నమిలి నమిలి మొద్దుబారిపోయింది. తీపి లేదు, చేదు లేదు. బూజు పట్టినా తెలీదు. ఈ కరువులో అంగట్లో ఏ మూట చూసినా పాతదే. నేను చూడకుండా పెడితే బాతుల గతేమి? నాకు మంచి నాలుకలు కావల్ల."

"అంటే?"

"మీరు మేత తిని చూసి చెప్పల్ల."

ఆదెమ్మ వేలు మెరుపులా ముక్కు మీదికి పోయింది. పదేళ్ళలో ఎన్నడూ ఇంత బలంగా వేసుకోలేదు. "బాతుల కూడు మమ్మల్ని తినమంటాండావా? మేమేమి బాతులమా?"

"ఊరికే తినమంటానా? పనమ్మా ఇది! మగ్గం పనికన్నా కష్టం. ఒక్క ముద్ద తింటే తెలీదు, ఇషం కొంచెంలో బయటపడదు. కడుపునిండా తినల్ల. తిని ఒక గడియ కూచోవల్ల. కడుపులో ఏమీ కాకపోతే, 'బాతుకు పెట్టొచ్చు' అని నోరు తెరిచి చెప్పల్ల. నువ్వు చెప్పకుండా నేను తొట్టిలో పోయను. బాతుల ప్రాణం నీ చేతిలో ఉంటాది."

ఆదెమ్మ మొగుడి వైపు చూసింది. పుల్లయ్య తన తల్లి వైపు చూశాడు. మునియమ్మ ఇద్దరినీ చూసి, "పనైతే తప్పేముంది?" అంది.

"పళ్ళు లేని నీకేం పనమ్మా?" అన్నాడు పుల్లయ్య.

"అవ్వే కావల్ల!" అన్నాడు రాయుడు. "పిల్ల బాతులకు యాడుండాయి పళ్ళు? వాటి మేతకు అవ్వా, నీ పిల్లలిద్దరూ. పెద్ద బాతుల మేతకు మీ ఇద్దరు."

అలా ధర్మవరంలో బాతుల మేత పరీక్ష మొదలైంది. రోజూ మధ్యాహ్నం జయలక్ష్మమ్మ రెండు కుండలు గోడ మీద పెట్టేది. పిల్ల బాతుల కుండలో మెత్తటి నూకల జావ, చిదిమిన గుడ్డు. పెద్ద బాతుల కుండలో రాగిసంగటి, ఆకుకూర. మొదటి రోజే ఆదెమ్మ పరీక్షాధికారిగా అభ్యంతరం తెలిపింది.

"ఉప్పు లేదన్నా."

"బాతుకు ఉప్పు ఇషం కదమ్మా. వద్దు." రాయుడు గడ్డం గోక్కున్నాడు. "కానీ చప్పిడి తింటే మీ నాలుకలు గూడా నా నాలుక మాదిరి చచ్చిపోతాయి. ఏమే, వాళ్ళకు పక్కన ఇంత ఊరిమిండి నూరి పెట్టు. నంజుకుంటారు. అది పరీక్షలోకి రాదు."

పరీక్షలోకి రానివి క్రమంగా పెరిగాయి. పచ్చడి పరీక్షలోకి రాలేదు, చారూ రాలేదు, మజ్జిగా రాలేదు. ఉగాది నాడు కుండ మూత తీస్తే ఓళిగలున్నాయి.

"అన్నా, బాతులకు ఉగాది ఏందన్నా?"

"వాటికి మటుకు సంవత్సరం మారదా?"

ఆదెమ్మ ఉద్యోగాన్ని గొప్ప నిష్ఠతో చేసింది. తినేటప్పుడు కళ్ళు మూసుకునేది. ఏనాడైనా మాడువాసన వస్తే, "ఈ పొద్దు పెట్టొచ్చు గానీ, అడుగు మాడింది, వొదినకు చెప్పన్నా," అనేది. పిల్లలు కూడా ముఖాలు గంభీరంగా పెట్టి, "బాతుకు పెట్టొచ్చు," అని ఏకకంఠంతో తీర్పు చెప్పేవాళ్ళు. బెంగళూరు మాట మళ్ళీ రాలేదు. ఉద్యోగం వదిలేసి ఎట్లా పోతారు?

చిక్కల్లా ఆదెమ్మ నిష్ఠతోనే వచ్చింది. ఒక మధ్యాహ్నం తిని, గడియసేపు కూర్చుని, కడుపు మాట వింటూ ఉండగా ఆమెకు హఠాత్తుగా తోచింది. పక్క దొడ్లోంచి బాతుల గోల వినపడడం లేదు. ఆ రోజు కాదు, నిన్న కాదు, చాలా రోజులుగా లేదు. మగ్గాలతోపాటే ఆగిపోయింది, తమ దిగుల్లో ఎవరూ గమనించలేదు.

ఆదెమ్మ లేచి నిలబడింది. తను పెట్టొచ్చన్న మేతే తిని అవి మెడలు వాల్చేశాయా? తను తప్పు చెప్పిందా? ఆ మనిషి మళ్ళీ అన్నం ముట్టకుండా కూర్చుంటాడా?

ఇంకొక సంగతి కూడా గుర్తొచ్చింది. ముందురోజు రాయుడు లోపలి నుంచి భార్య మీద అరిచాడు. "ఏమే, చారులో ఉప్పెక్కువైంది!" అని. చచ్చిన నాలుకకు ఉప్పెట్లా తెలిసింది?

రాయుడు చేనికి పోయాడని చూసుకుని, ఆదెమ్మ కొంగు బిగించి పక్కింటి దొడ్డివైపు నడిచింది. కరువు మొదలయ్యాక రాయుడు బాతుల్ని గోడకు కనపడని మూలకు మార్చానన్నాడు. బయటి మనిషిని చూస్తే అవి బెదిరి గుడ్డు పెట్టవని ఎవరినీ అక్కడి కంపతడిక దాటనిచ్చేవాడు కాదు. ఆదెమ్మ తడిక తీసి లోపలికి పోయింది.

లోపల ఏం చూసిందనేది ముందు చెప్పడమే క్రమం. కానీ అంతకన్నా ముఖ్యమైంది బయటికొచ్చి ఏం చెప్పిందనేది. ఎందుకంటే ఆమె తడిక మూస్తుండగా, ఎదురుగా రాయుడు భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. రంగయ్య అంగట్లో మూట మీద కూర్చుని కూడా బెదరని మనిషి, పలక పగలగొట్టిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"చూసినావామ్మా?" అన్నాడు.

ఆదెమ్మ వేలు ముక్కు దాకా లేచింది. మధ్యలో ఆగింది. ఎందుకో తనే దించేసింది.

"చూసినానన్నా."

"ఎట్లుండాయి?"

ఆదెమ్మ దొడ్డి వైపు ఒకసారి, తన ఇంటి వైపు ఒకసారి చూసింది. తమ ఇంటికవతల, మగ్గం ఎప్పుడో అమ్ముకున్న తిప్పమ్మ ఇంటి ముందు పిల్లలు నీడలో ముడుచుకుని కూర్చుని ఉన్నారు.

"బాగుండాయి," అంది. "కానీ మేత చాలడం లేదు. రేపట్నుంచి ఎక్కువ వండమను వొదినను. ఇంత మేత పరీక్షకు మా ఇంటి నాలుకలు చాలవు. తిప్పమ్మ ఇంట్లో ఐదు నాలుకలు ఊరికే ఉండాయి. అడిగి చూస్తా. పనంటే వస్తాది, ఊరికైతే రాదు."

రాయుడు మీసం మెలివేయబోయి, ఆ చేత్తోనే భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "మంచి నాలుకలేనా?"

"మొదట నేను కూచోబెట్టి నేర్పిస్తాలే. ఇంగో మాటన్నా."

"చెప్పమ్మా."

"చచ్చిన నాలుకతో చారు మీద అరవొద్దు. వీధంతా వినపడతాంది."

మరుసటి వానాకాలం చెరువులోకి నీళ్ళొచ్చాయి. పట్టు వచ్చింది. పుల్లయ్య మగ్గం మళ్ళీ టకటకలాడింది. మునియమ్మ ఆ చప్పుడుకు హాయిగా నిద్రపోయింది. పరీక్షాధికారులు ఒక్కొక్కరే పని వదిలి తమ పనుల్లో పడ్డారు. రాయుడి నాలుక కూడా ఏ మందూ లేకుండానే బతికింది. ఆ వీధిలో ఎవరింట ఏ పండగ వంట బాగా కుదిరినా, ఈనాటికీ, "బాతుకు పెట్టొచ్చు," అంటారు. ఆ ఏడు అక్కడి బాతుల కోసం వండినంత మేత, తిని చూసినన్ని నోళ్ళు, రాయలవారి పెనుకొండలోనైనా ఉండి ఉంటాయని చెప్పలేం.

ఆ ఏడు ఆ దొడ్లో ఒక్క బాతు కూడా లేదు. చెరువు ఎండిన వారంలోనే రాయుడు వాటన్నిటినీ గంపల్లో కట్టి, బస్సు టాపు మీద, హిందూపురంలోని బావమరిది తోటకు పంపించేశాడు.